మూకీ చిత్రములలో మాయ



తెరమీది మనుష్యుడు మాటాడుట నేర్చుటకు ముప్పదియేండ్ల ముందే మాయమగుట నేర్చెను. చలనచిత్రము పుట్టిన మరుసటి సంవత్సరముననే కుర్చీలో కూర్చున్న స్త్రీలు అదృశ్యలగుటయు, వారి స్థానమున అస్థిపంజరములు ప్రత్యక్షమగుటయు మొదలయ్యెను. కథను పొంకముగా చెప్పుటకు, పాత్రల హృదయమును విప్పి చూపుటకు ఆ కళకు ఇంకను చాలకాలము పట్టినది. మాయ మాత్రము దానికి ఉగ్గుపాలతో అబ్బినది. ఆ మాయ ఏ ఉపాయములచేత సాధింపబడినదో, ఫ్రాన్సు దేశమున వినోదముగా వెలసిన ఆ విద్య మన దేశమునకు వచ్చి ఏ రూపము దాల్చినదో, ఈ సాయంకాలము మీతో ముచ్చటింపదలచితిని.

1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరమున, గ్రాండ్ కెఫే అను కాఫీశాల నేలమాళిగలో, లూమియేర్ సోదరులు రుసుము పుచ్చుకొని ప్రజలకు చలనచిత్రములను చూపించిరి. కర్మాగారమునుండి పనివారు వెలుపలికి వచ్చుట, తల్లిదండ్రులు పసిబిడ్డకు తినిపించుట, ఇట్టివే ఆ చిత్రములు. చూచినవారిలో జార్జ్ మెలియే అను ముప్పదినాలుగేండ్ల ఇంద్రజాలికుడు ఒకడుండెను. అతడు పాదరక్షల కర్మాగారము గల సంపన్నుని ఇంట పుట్టియు, ఆ వ్యాపారములో తన వాటాను సోదరులకు విక్రయించి, 1888లో రాబర్ట్ హూడిన్ నాటకశాలను కొని, రాత్రింబవళ్ళు గారడీవిద్యయందే మునిగియున్నవాడు. మిగిలినవారు తెరమీద కదలుచున్న లోకమును చూచి విస్తుపోవుచుండగా, అతడు ఆ యంత్రమును తన రంగస్థలమునకు తెచ్చుకొన్న ఎట్లుండునో భావించి, వెంటనే దానికి బేరమాడెను. లూమియేర్ సోదరుల తండ్రియైన ఆంత్వాన్ దానిని అమ్మననెను. పట్టు వదలని విక్రమార్కుడైన మెలియే లండనుకు పోయి, రాబర్ట్ పాల్ అను యంత్రకారునియొద్ద వేరొక ప్రదర్శనయంత్రమును కొని, దాని మర్మమెరిగి, తన కెమెరాను తానే సిద్ధము చేయించుకొని, 1896లోనే చిత్రములు తీయనారంభించెను. మరుసటి యేట మోంత్రయ్ అను ఊర గాజుగోడల స్టూడియోను కట్టించెను. విద్యుద్దీపములకంటె సూర్యకాంతిమీదనే ఆధారపడిన ఆ దినములలో గాజుగోడలు విలాసము గావు, అవసరము.

ఈ విద్య తనకు పట్టుబడిన విధమును మెలియే తానే ఒకచోట వ్రాసియున్నాడు. పారిస్ నగరమున ఒపేరా భవనము ముందటి కూడలిలో వీధిదృశ్యమును తీయుచుండగా ఫిలిం చిక్కుకొని కెమెరా ఒక నిమిషము ఆగెనట, చిక్కు తీసి మరల త్రిప్పి, ఇంటికి వచ్చి ఆ చిత్రమును తెరపై వేసి చూడగా, జనులతో పోవుచున్న గుర్రపుబండి ఉన్నట్టుండి శవవాహనమై పోయెనట, పురుషులు స్త్రీలైరట. ఈ వృత్తాంతము వినుటకు ఎంత యింపుగా ఉన్నను, ఆ ఉపాయమునకు ఆద్యుడు మెలియే యని చెప్పుట తగదు. 1895లోనే అమెరికాలో ఎడిసన్ సంస్థవారు స్కాట్లండు రాణి మేరీ శిరచ్ఛేదమును చిత్రించుచు, గొడ్డలి ఎత్తిన క్షణమున కెమెరాను నిలిపి, నటుని తొలగించి, బొమ్మను ఉంచి, మరల నడిపిరి. అయినను ఒక్క మరణదృశ్యమునకై వాడి విడిచిన ఆ ఉపాయమును పూర్ణమైన శాస్త్రముగా పెంచి పెద్దచేసిన ఘనత మెలియేదే.

1896లో అతడు తీసిన అదృశ్యకాంత చిత్రమును కొంచెము దగ్గరగా చూతము. అతడే ఇంద్రజాలికుడుగా వచ్చి, నేలమీద ఒక వార్తాపత్రికను పరచి, దానిపై కుర్చీ నుంచును. పత్రిక ఎందులకు? రంగస్థలముమీద ఈ మాయను చేయువారు కుర్చీ క్రిందనున్న రహస్యద్వారముగుండా స్త్రీని జారవిడుతురు. నేలపై పత్రిక యున్నచో ద్వారము లేదని చూపరులకు నమ్మకము కలుగును. ఆమె కూర్చుండగా ఆపాదమస్తకము వస్త్రము కప్పి, తీసివేయును, ఆమె యుండదు. గాలిలో చేతులాడించును, కుర్చీలో అస్థిపంజరము కూర్చుండును. దానిపై వస్త్రము కప్పి తీయును. ఆమె నవ్వుచు లేచి నిలుచును. ఆ చిత్రమున రహస్యద్వారముతో పనియే లేదు. కెమెరా ఆగినది, ఆమె నడచి పోయినది, కెమెరా మరల తిరిగినది, అంతే. అయినను ఆ పత్రికను అతడు మానలేదు. గారడీవాని మర్యాద అది.

అయితే కెమెరాను నిలిపి నడుపుటతోనే పని తీరిపోవుననుకొనరాదు. యంత్రము ఆగునప్పుడును, మరల కదలునప్పుడును కొన్ని బొమ్మలు అధికకాంతి సోకి చెడును. మిగిలిన నటుని చేయి వెండ్రుకవాసి ఇటునటు జరిగినను గుట్టు రట్టగును. అందుచేత నెగటివును కత్తెరతో కోసి, ముందుభంగిమకును వెనుకభంగిమకును సరిగా పొందిక కుదిరినచోట అతికింపవలసియుండెను. నేటికి మిగిలిన ప్రతులను పరిశీలించిన పండితులు మెలియే మాయలు జరిగినచోట్ల ఇట్టి అతుకులను కనుగొనిరి. ఈ విద్యలో అపహరింపబడినది కాలము. ప్రేక్షకుని కంటి యెదుటనుండి ఒక నిమిషమును దొంగిలించి, ఆ దొంగతనపు జాడ తెలియకుండ రెండు అంచులను కలిపివేయుటయే మూకీ చిత్రముల మాయకెల్ల మూలమంత్రము.

రెండవ ఉపాయము డబుల్ ఎక్స్‌పోజర్. ఒకే ఫిలింపై ఒక దృశ్యమును పట్టి, కెమెరాలోనే దానిని వెనుకకు చుట్టి, మరల దానిపైననే మరియొక దృశ్యమును పట్టినచో రెండును కలిసి కనబడును. నల్లని నేపథ్యము ఫిలింను తాకదు గనుక, నల్లగుడ్డ యెదుట నిలిచిన తల యొక్కటియే గాలిలో తేలును. ఇంగ్లండున బ్రైటన్ ప్రాంతపు జి. ఎ. స్మిత్ 1898 నాటికే ఈ పద్ధతితో దయ్యములను చూపించెను. కెమెరాను చేతితో త్రిప్పు ఆ కాలమున, ఒక్కొక్క త్రిప్పునకు ఎనిమిది బొమ్మల వంతున, సెకనుకు రెండు త్రిప్పులు తప్పక లెక్కపెట్టుచు, ఏ లెక్కకు ఏ పాత్ర తల యెత్తవలెనో వ్రాసికొని, నటుడును కెమెరా త్రిప్పువాడును తాళము తప్పక నడవవలసియుండెను. 1900లో మెలియే ఒక వాద్యబృందమును చిత్రించెను. అందలి ఏడుగురు వాద్యగాండ్రును అతడే! ఒకే ఫిలిం ఏడుమార్లు కెమెరాలో తిరిగినది. ఏడవమారు ఒక్క తప్పు జరిగినను మొదటి ఆరుమార్లు పడిన శ్రమయంతయు బూడిదలో పోసిన పన్నీరే.

1901లో తీసిన రబ్బరు తల చిత్రము అతని యుక్తికి పరాకాష్ఠ. ఒక శాస్త్రజ్ఞుడు తన తలనే బల్లమీద నుంచి, కొలిమితిత్తితో గాలి నింపగా అది క్రమక్రమముగా ఉబ్బును. ఆనందించి గాలి తీసివేయును. తెలివిలేని సహాయకుడు మితిమీరి ఊదగా తల ఫెళ్లున పగులును. తల ఉబ్బినట్లు కనబడుటకు కెమెరాను ముందుకు జరుపవచ్చునని మనకు తోచును. మెలియే కెమెరాను కదల్పలేదు. నల్లగుడ్డలు కప్పుకొని, మెడపైభాగము మాత్రము కనబడునట్లు చక్రముల పీటపై కూర్చుండి, తానే కెమెరావైపు లాగబడెను. మనుష్యుడు దగ్గరకు వచ్చుకొలది తల పెద్దదగుటతోపాటు మెడ బల్లమట్టమునుండి క్రిందికి జారినట్లు కనబడును గదా! అట్లు జారకుండుటకై పీట పోవు దారిని వాలుగా కట్టించి, ముందుకు వచ్చినకొలది పైకి లేచునట్లు అమర్చెను. కొద్ది నిమిషములలో ముగిసిపోవు నవ్వులాటకై ఇంత గణితము!

1902లో వెలువడిన చంద్రలోకయాత్ర ఇతని కృతులలో జగత్ప్రసిద్ధము. దాని నిడివి 260 మీటర్లు; ఖర్చు 10,000 ఫ్రాంకులు. పండితులు ఫిరంగినుండి గుండులో ఎగిరిపోయి చంద్రుని కంటిలో గ్రుచ్చుకొనుటయు, అక్కడి ప్రాణులు గొడుగుదెబ్బ తగిలినంతనే పొగయై లేచిపోవుటయు మీలో పలువురు చూచియే యుందురు. ఆ ప్రాణుల వేషములు వేసినవారు పారిస్ వినోదశాలలలోని దొమ్మరివిద్యల నిపుణులు. ఇట్టి చిత్రముల ప్రతులకు రంగులద్దుట మరియొక తపస్సు. తూయియే అను నామె నడిపిన కర్మశాలలో స్త్రీలు చిన్నకుంచెలతో, ఒక్కొక్కరు ఒక్కొక్క రంగును మాత్రమే పట్టి, ఫిలింపై బొమ్మ తరువాత బొమ్మను అద్దుచుండెడివారు. ఆ స్త్రీల పేరు ఒక్కటియు తెరపై పడలేదు.

మెలియే మాయలోని ప్రత్యేకత యేమనగా, అది తాను మాయనని దాచుకొనదు. అతడు తెరపైకి వచ్చి ప్రేక్షకులకు వంగి నమస్కరించును. పని ముగియగానే మరల నమస్కరించును. అతని దయ్యములకు ఎవ్వరును జడియరు. అతని దేవతలకు ఎవ్వరును మ్రొక్కరు. చూచువాడు చేయువాని నేర్పునకు చప్పట్లు కొట్టవలెను, అతడాశించిన ఫలమంతే. స్పెయిను దేశమునుండి వచ్చి పాతే సంస్థలో పనిచేసిన సెగుందో ద చోమోన్ ఈ విద్యను మరింత నాజూకు చేసి, 1908లో దయ్యములకొంపను చిత్రించుచు, కత్తియు, రొట్టెయు, పాత్రలును మనుష్యుల సాయము లేకయే కదలి బల్లమీద భోజనము సిద్ధము చేసినట్లు, ఒక్కొక్క బొమ్మకు ఆ వస్తువులను కొంచెము కొంచెముగా జరుపుచు తీసెను. కాని చూపరులు నేర్పునకు అలవాటుపడిరి. అదే రంగస్థలము, అదే కదలని కెమెరా, అవే పొగలు; కథల పొడవును, పోటీలును పెరిగినకొలది మెలియే వెనుకబడి, దివాలా తీసి, 1923లో తన నెగటివులను తానే తగులబెట్టి, మోంపర్నాస్ రైలుస్టేషనులో బొమ్మల దుకాణమున కూర్చుండెను. 1929 డిసెంబరులో పారిస్ నగరము అతనిని మరల పిలిచి సభ చేసి గౌరవించినది. 1938 జనవరిలో అతడు గతించెను.

అంతలో ఉత్తరదేశముల చిత్రకారులు ఆ యుపాయములనే తీసికొని వేరొక రసమును సాధించిరి. స్వీడనుకు చెందిన విక్టర్ షోస్ట్రోమ్ 1921లో, సెల్మా లాగెర్లోఫ్ నవల ననుసరించి, మృతుల ఆత్మలను మోసికొని పోవు బండికథను చిత్రించెను. ఛాయాగ్రాహకుడైన యూలియస్ యేన్సన్ ఒకే ఫిలింను పలుమార్లు త్రిప్పి తీసిన ఆ దృశ్యములలో, పారదర్శకమైన బండి సముద్రతరంగములపై నడచి పోవుట చూచినవాడు చప్పట్లు కొట్టడు; గుండె చిక్కబట్టుకొని కూర్చుండును. మరుసటి యేట జర్మనీలో మూర్నౌ తీసిన నోస్ఫెరాతులో, అడవిదారి దృశ్యమును నెగటివుగానే చూపుటచేత చెట్లు తెల్లనై, ఆకాశము నల్లనై, లోకమే తలక్రిందులైనట్లుండును. అద్భుతము భయానకమై పరిణమించినది; పనిముట్లు మాత్రము పాతవే.

ఇక మన దేశమునకు వత్తము. గోదావరి పుట్టినచోటనే, నాసికమునకు సమీపమునగల త్ర్యంబకమున, 1870లో జన్మించిన ధుండిరాజ గోవింద ఫాల్కే చిత్రలేఖనమును, ఛాయాగ్రహణమును, ముద్రణమును అభ్యసించెను. వీనికితోడు ఇంద్రజాలమును గూడ నేర్చి, తన యింటిపేరును తలక్రిందులు చేసి ప్రొఫెసర్ కెల్ఫా యను పేర ప్రదర్శనములిచ్చెను. బొంబాయిలో క్రీస్తు చరిత్రచిత్రమును చూచుచుండగా, ఈ తెరమీద కృష్ణుడును రాముడును ఏల కనబడరాదని అతని మనస్సున మెరసినది. జీవితబీమా పత్రమును తాకట్టుపెట్టి 1912లో లండనుకు పోయి, కెమెరా కొని తెచ్చి, పెట్టుబడి పెట్టువారికి నమ్మకము కలుగుటకై మొదట ఒక చిన్నచిత్రమును తీసెను. అందు దేవతలు లేరు, రాజులు లేరు. కుండలో నాటిన బఠానీగింజ మొలకెత్తి, ఆకులు తొడిగి, తీగయై సాగుట మాత్రమే కలదు. దినదినము కొన్ని బొమ్మల వంతున తీసి కూర్చగా, దినముల పెరుగుదల క్షణములలో కంటికి కట్టినది. మెలియే కాలమును దొంగిలించి స్త్రీని మాయము చేసెను. ఫాల్కే కాలమును దొంగిలించి, ఎవ్వరికిని కనబడని ప్రకృతిమహిమను కనబడునట్లు చేసెను. తరువాత అతడు తీసిన పురాణములన్నింటికిని ఆ బఠానీమొక్కయే పీఠిక.

1913 మే 3వ తేదీన బొంబాయి కారొనేషను చిత్రశాలలో రాజా హరిశ్చంద్ర ప్రజల యెదుటికి వచ్చెను. నటించుటకు స్త్రీలు ముందుకు రాకపోగా, భోజనశాలలో పనిచేయుచున్న సాళుంకే యను యువకుడు హరిశ్చంద్రుని భార్యయగు తారామతియయ్యెను. ఫాల్కే భార్యయగు సరస్వతీబాయి చీకటిగదిలో కూర్చుండి ఫిలిం అంచులకు రంధ్రములు వేసి పెట్టెను. ఆ చిత్రమున విశ్వామిత్రుని హోమగుండపు జ్వాలలలో త్రిశక్తులు స్త్రీరూపమున గోచరించు దృశ్యముండెను. 1917లో వచ్చిన లంకాదహనమున ఆ సాళుంకేయే రాముడును సీతయును! 1918 నాటి శ్రీకృష్ణజన్మమున కంసునికి తన మరణము భ్రమగా తోచుఘట్టమును చూడుడు: బాలకృష్ణులు ఒకరు ఇద్దరై, ఇద్దరు పలువురై అతనిని చుట్టుముట్టుదురు, అతని తల మొండెమునుండి విడివడి పైకి లేచి, మరల వచ్చి మొండెమున కతుకును. నల్లగుడ్డయు, డబుల్ ఎక్స్‌పోజరును తెలిసినవారికి ఇందులో రహస్యమేమియు లేదు. మెలియే చేసిన పనియే యిది. కాని మెలియే తల పగిలినప్పుడు జనులు నవ్విరి, కంసుని తల లేచినప్పుడు జనులు చేతులు జోడించిరి.

ఈ భేదమునకు కారణము ప్రేక్షకుల అమాయకత్వమని కొందరు తేల్చివేయుదురు. ఆ మాట నాకు సమ్మతము గాదు. 1919లో తీసిన కాళీయమర్దనమున కృష్ణుడుగా నటించినది ఫాల్కే కూతురు మందాకిని. చిత్రారంభముననే అతడు ఆ బాలికను తెరపై చూపి, ఆమె ముఖమున భావములు ఒకటి తరువాత ఒకటి మారుటను ప్రదర్శించి, పిదపనే ఆమెను కృష్ణవేషమున మనకు చూపించును. ఈమె నా కూతురు, ఇది వేషము, ఇక చూడుడని ముందే చెప్పి, ఆపైన మాయ చేయువానిని మోసగాడనుట యెట్లు? తోలుబొమ్మలాటలో తెరవెనుక చేతులున్నవని మన పల్లెలోని పసివానికిని తెలియును. తెలిసియు హనుమంతుడు సముద్రము దాటునప్పుడు వాడు ఊపిరి బిగబట్టును. ఫాల్కే ప్రేక్షకులును అట్టివారే. బాల్యమునుండి చెవులతో విన్నదానిని కన్నులతో చూడవలెనను కోరిక వారిది. ట్రిక్కు ఆ కోరికకు తలుపు తెరచినది. అందుచేతనే యంత్రనైపుణ్యమున మెలియేతో తూగజాలని దృశ్యములుగూడ ప్రజాహృదయమున అతనికంటె లోతుగా నాటుకొన్నవి.

తెలుగువారికి ఈ చరిత్రతో సంబంధము దూరపుది కాదు. బందరునుండి మద్రాసు చేరి ఛాయాచిత్రములు తీయుచు బ్రతికిన రఘుపతి వెంకయ్య, క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి, ఊరూర డేరాలలో బొమ్మలు చూపి, మద్రాసులో గెయిటీ చిత్రశాలను నిర్మించి, కుమారుడగు ప్రకాశ్‌ను ఈ కళ నేర్చుకొనుటకు విదేశములకు పంపెను. ఆ ప్రకాశ్ 1921లో భీష్మప్రతిజ్ఞను మూకీగా తీసి, భీష్ముని వేషము తానే వేసెను. ఆ దశకముననే డగ్లస్ ఫేర్‌బ్యాంక్స్ నటించిన బాగ్దాదు దొంగ మన దేశమునకు రాగా, క్రేనునుండి తీగలతో వ్రేలాడదీసిన తివాచీపై అతడు ఎగిరిపోవుట చూచి జనులు వెర్రెత్తిపోయిరి. చలనచిత్రములను విచారించుటకు 1927లో ప్రభుత్వము నియమించిన సంఘము, ఈ దేశమున అత్యధికముగా ఆదరింపబడిన చిత్రములలో దానిని అగ్రగణ్యముగా పేర్కొనినది. పురాణమొకవంకను, జానపదకథ యొకవంకను ఇట్లు తెరకెక్కుటచేతనే, 1957లో మాయాబజారు వచ్చునాటికి, భక్ష్యములు తమంత తాము ఘటోత్కచుని నోటిలోనికి పోవుచుండగా మనము ఆశ్చర్యపడుటయేగాని అనుమానపడుట లేకపోయినది. కె. వి. రెడ్డి దర్శకత్వమునకును, మార్కస్ బార్ట్‌లీ కెమెరాకును ఉన్న ప్రతిభను తగ్గించుటకు ఈ మాట చెప్పుటలేదు. ఆ విందుకు పీటలు వేసినవారు నలువదేండ్ల ముందే యున్నారని స్మరించుటకు చెప్పుచున్నాను.

మూకీ చిత్రముల మాయను గూర్చి నా నిశ్చయము ఇది. ట్రిక్కు ఎప్పుడును స్వల్పమైనది; కత్తెర, నల్లగుడ్డ, వెనుకకు చుట్టిన ఫిలిం, ఇంతకుమించి దానికి సామగ్రి లేదు. దానితో నవ్వింపవచ్చును, భయపెట్టవచ్చును, చేతులు జోడింపజేయవచ్చును. ఆ మూడును చూచువాని హృదయమున ముందే యున్న సంస్కారముమీద ఆధారపడును. యంత్రములు పెరిగి, ఖర్చులు కోట్లకు చేరినను, ప్రేక్షకుడు ఏమి చూడగోరుచున్నాడో ఎరుగని చిత్రకారునికి ఎన్ని మాయలు చేసినను ఫలము సున్న.

కడపట మీకొక విన్నపము. రాజా హరిశ్చంద్ర నాలుగు రీళ్ళలో నేడు మనకు మిగిలినవి మొదటిదియు, చివరిదియు మాత్రమే. భీష్మప్రతిజ్ఞ ప్రతి యొక్కటియు మిగులలేదు. ఆ కాలపు ఫిలిం వేడికి తేలికగా అంటుకొనునది. తడికి పొడియై రాలిపోవునది. పనికిరానిదని వెండికై కరిగించినవారును కలరు. మీ యింటి అటకమీదగాని, మూతబడిన టూరింగు టాకీసు గదులలోగాని త్రుప్పుపట్టిన పాత ఫిలిం డబ్బాలు కనబడినచో, వానిని పారవేయక, నిప్పునకును ఎండకును దూరముగా నుంచి, పూణె నగరములోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవువారికి ఒక ఉత్తరము వ్రాయుడు.